పాపికొండల లాంచీపై సంజచలి

వరదలు తీసి, గోదావరి యెఱ్ఱనీరు తేరుకొన్న పిమ్మట, కార్తికమాసము మొదలు మాఘమాసాంతము వఱకు పాపికొండల లాంచీలకు జనసమ్మర్దము మెండుగ నుండును. ఆ ప్రయాణమునకు సిద్ధపడు గృహస్థునకు టిక్కెట్ల చింత, పిల్లల చింత, వృద్ధులను రేవు దింపి ఎక్కించు చింత తీరిన తరువాతఁ గూడ మిగిలియుండు ప్రశ్న యొకటి కలదు. సాయంకాలము తిరుగు ప్రయాణములో నదిపై చలి వేయునా, వేసినచో ఏమి కట్టుకొని పోవలెను? ఈ ప్రశ్నకు రాజమహేంద్రవరములో ఏ వీథి యరుగుపై నడిగినను రెండు సమాధానములు సిద్ధముగ దొరకును. "గోదావరి జిల్లాలో చలేమిటండీ, ఉత్త చొక్కా చాలు" అనునది యొకటి. "ఏజెన్సీ చలి మీకు తెలియదండీ, స్వెట్టర్లూ రగ్గులూ పట్టుకెళ్లండి" అనునది రెండవది. మొదటివారి మాట విని పోయినవాఁడు సూర్యాస్తమయ వేళకు చేతులు చంకలలో దోపుకొని కూర్చుండును. రెండవవారి మాట విన్నవాఁడు పగలెల్ల ఒక మూటను కావలి కాయుచు, విసుగుచు, ఎండకు చెమర్చును. ఉభయులును ఉష్ణమాపకము చూపు అంకెనే తలపోసి చెప్పుచున్నారు. నదిపై చలికి ఆ అంకె అన్నిటికంటె అల్పమైన కారణమని నా యభిప్రాయము.

విశ్రాంతిగఁ గూర్చున్న పెద్దమనిషి దేహము ఇంచుమించు 100 వాట్ల వేడిని ఎడతెగక పుట్టించుచుండును. ఆ వేడి బయటికి పోవలసినదే. పోక నిలిచిపోయినచో జ్వరము వచ్చినట్లగును, త్వరపడి పోయినచో వణకు పుట్టును. చర్మము సాధారణముగ 33, 34 డిగ్రీల సెల్సియస్ వద్ద నుండును గనుక, దానికంటె చల్లనైన గాలి తాఁకుటవలనను, చుట్టునున్న చల్లని వస్తువులవైపు కనఁబడని కిరణములుగా వెలువడుటవలనను, చెమట ఆవిరి యగుటవలనను, చల్లని బల్ల మీఁదనో ఇనుప కమ్మి మీఁదనో ఆనుటవలనను ఈ వేడి వ్యయమగును. గాలి నిశ్చలముగ నున్నపుడు చర్మమునంటి కొన్ని మిల్లీమీటర్ల మందమున వెచ్చని వాయుపొర యొకటి నిలిచియుండి, ధనవ్యయము లేని చొక్కావలె మనలను కాపాడుచుండును. నిశ్చలమైన గాలి మహా మంద వాహకము. నీటికంటె ఇరువది రెట్లకు మించి మందముగ వేడిని కొనిపోవును. ఉన్నిలోఁ గాని, దూదిలోఁ గాని వెచ్చదనమిచ్చునది నూలుపోగు కాదు, ఆ పోగుల నడుమఁ జిక్కుకొని కదలక యున్న గాలియే. గాలి వీచిన క్షణమున మన యొడలినంటిన ఆ ఉచితపు చొక్కా ఊడిపోవును.

ఇపుడు లాంచీ సంగతి చూతము. ఒడ్డున ఆకు కదలని సాయంకాలమే యనుకొనుఁడు. లాంచీ గంటకు 15 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నచో, పై డెక్కుమీఁద కూర్చున్నవానికి గంటకు 15 కిలోమీటర్ల గాలి తగులుచునే యుండును. దానికి తోడు 10 కిలోమీటర్ల యెదురుగాలి వచ్చెనా, తగులు గాలి 25 అగును. అదే గాలి వెనుకనుండి వచ్చినచో 5 మాత్రమే మిగులును. పాపికొండల నడుమ నది పాముమెలికలు తిరుగుచుండుటచేత, ఒక మలుపులో హాయిగనున్న ప్రయాణికుఁడు మఱు మలుపులో దుప్పటికై వెదకుకొనుట కిదియే కారణము. వాతావరణము మాఱలేదు, సరంగు చుక్కాని త్రిప్పినాఁడు, అంతియే.

ఈ గాలి దెబ్బను అంకెలలోనికి దింపినవారిలో రాబర్ట్ స్టెడ్‌మన్ అను వస్త్ర పరిశోధకుఁడు ముఖ్యుఁడు. ఉష్ణోగ్రత, గాలిలోని తేమ, గాలి వేగము ఈ మూఁటిని కలిపి, మనిషికి నిజముగఁ దోఁచు ఉష్ణోగ్రత యెంతయో చెప్పు పద్ధతిని ఆయన 1984లో వెలువరించెను. ఆస్ట్రేలియా వాతావరణ శాఖవారు దాని సులభరూపమునే వాడుకలో నుంచుకొనిరి. ఆ లెక్కప్రకారము సెకనుకు ఒక మీటరు గాలి పెరిగినకొలఁది ముప్పాతిక డిగ్రీకి కొంచెము తక్కువగా చల్లదనము పెరుగును. పుష్యమాసపు సంజవేళ గాలి 22 డిగ్రీలు, తేమ నూటికి 70 పాళ్లు అనుకొందము. లాంచీ గదిగోడ చాటున గాలి తగులక కూర్చున్నవానికి అది 24 డిగ్రీలవలెఁ దోఁచును. పైన చెప్పిన 25 కిలోమీటర్ల గాలిలో, అనఁగా సెకనుకు 7 మీటర్ల గాలిలో, పై డెక్కు ముందుభాగమునఁ గూర్చున్నవానికి 19 డిగ్రీలవలెఁ దోఁచును. ఇరువురి నడుమ దూరము నాలుగు బారలు, వ్యత్యాసము ఐదు డిగ్రీలు! ఒక్క స్వెట్టరు చేయఁగల మేలుకంటె, ముందుబల్ల విడిచి గదిగోడ చాటునకు జరుగుటవలని మేలు తక్కువ కాదు. పైగా దానికి మూట మోయ నక్కఱలేదు.

చలిగాలి లెక్కలనఁగానే వార్తాపత్రికలలో అమెరికావారి పట్టికను ఉదహరించుట పరిపాటియైనది. ఆ పట్టికకు మూలము అంటార్కిటికాలో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనువారు చేసిన పరిశోధనము. వారు చిన్న ప్లాస్టిక్ డబ్బాలో నీరు పోసి బయట వ్రేలాడఁగట్టి, ఏ గాలిలో ఎంతసేపటికి గడ్డకట్టునో గమనించి, ఆ ఫలితములను 1945లో ప్రకటించిరి. 2001లో అమెరికా, కెనడా దేశములు సంస్కరించుకొన్న నేఁటి సూత్రము సైతము 10 డిగ్రీలు గాని అంతకు తక్కువ గాని యున్న గాలికే వర్తించును. గోదావరి మీఁద దానిని ప్రయోగించి భయపడుట వృథాశ్రమ.

గాలి తరువాతి కారణము స్థలము. రాజమహేంద్రవరము కడ రోడ్డు రైలు వంతెన రెండున్నర కిలోమీటర్లకు పైఁబడి సాఁగవలసి వచ్చినంత విశాలముగఁ బఱచుకొన్న నది, పాపికొండల సందున సన్నని లోతైన కాలువవలె ముడుచుకొనును. ఇరువైపుల కొండలుండుటచే అచ్చట సూర్యుఁడు పంచాంగమున వ్రాసిన వేళకంటె చాల ముందుగనే మఱుఁగగును. డెల్టాలో ఇంకను ఎండ కాయుచుండఁగనే కొండల నీడ నదిపైఁ బడును. ఆ క్షణముననే, గాలి ఉష్ణోగ్రత మాఱక మునుపే, దేహమునకు చేరుచున్న సూర్యతాపము ఆగిపోవును. ప్రయాణికులు "ఒక్కసారిగా చలి వచ్చింది" అని చెప్పుకొను క్షణ మదియే. వచ్చినది చలి కాదు, పోయినది ఎండ. అనంతరము కొండచఱియల మీఁది గాలి, ఆ నేల వేడిని కోల్పోవుటచేత తానును చల్లఁబడి బరువెక్కి, వాగుల వెంబడి మెల్లగ నదిలోనికి దిగును. వాగు కలియు చోటులలో లాంచీ పోవునపుడు ప్రక్కనుండి చల్లని గాలితెర తాఁకుట శ్రద్ధగ గమనించువారికి తెలియును.

నీరు మాత్రము అంత త్వరగా చల్లఁబడదు. ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించుటకు 4.2 కిలోజూళ్లు కావలెను. ఎండిన ఇసుకకు 0.8 చాలును. పైగా ఇసుక లోపలి వేడిని పైకి రానీయదు గనుక, మధ్యాహ్నము కాలు మోపనీయని తిన్నె రాత్రి తొలిజామునకే చల్లనైపోవును. ఆ వేళ నీరే నేలకంటె వెచ్చన. చలికి ఓర్వలేని పెద్దలను తిరుగు ప్రయాణమున క్రింది డెక్కులో, నీటికి చేరువగ, గాలి తగులని చోటఁ గూర్చుండఁబెట్టుట మంచిది. కొల్లూరు ఇసుకతిన్నెలపై వెదురు గుడిసెలలో యాత్రికులకు రాత్రి బస కల్పించు ఏర్పాటు ఒకప్పుడు మిక్కిలి పేరుపొందియుండెను. అట్టిచోట్ల పైన రెండు దుప్పట్లు కప్పుకొనువాఁడు, వానిలో నొకదానిని మడిచి క్రింద పఱచుకొన్నచో వెచ్చఁగ నిద్రించును. చల్లని ఇసుక వీఁపు తట్టునుండి వేడిని గుంజుకొనుచుండఁగా పైన కప్పుకొన్నది ఎంత మందమైనను ఏమి లాభము? తెల్లవాఱుజామున చల్లని గాలి వెచ్చని నీటిని సోఁకి ఆవిరులు లేపినపుడు నదిపై పొగమంచు పొరలు పొరలుగ లేచును. ఛాయాచిత్రములు తీయువారికి పండుగే గాని, ఆ మంచులో నిలిచిన నూలుబట్ట చెమ్మగిల్లుననుట మఱవరాదు.

మూఁడవ కారణము ఆకాశము. చలికి ఆకాశము కారణమనఁగా కొందఱు నవ్వవచ్చును. కాని నిర్మలమైన పుష్యమాసపు రాత్రి, తల కెదురుగనున్న ఆకాశము కిరణముల లెక్కలో గాలికంటె పది, పదిహేను డిగ్రీలు చల్లనైన కప్పుతో సమానము. భూమిమీఁది వస్తువులన్నియు తమ వేడిని ఆ కప్పువైపు వెదజల్లుచుండును. ప్రతిగా వచ్చునది కొంచెమే. ఈ సంగతిని రుజువు చేసినవాఁడు లండనులో వైద్యుఁడుగ నుండిన విలియం ఛార్లెస్ వెల్స్. తోఁటమాలులు లేఁతమొక్కలపై పలుచని చాపలు కప్పుట చూచి, ఇంత పలుచని కప్పు ఏమి కాపాడునని ఆయన తొలుత తేలికగఁ దలఁచినాఁడు. పిదప, నాలుగు పుల్లలు నాటి వానిపై సన్నని చేతిరుమాలును గడ్డికి జానెడు ఎత్తున పందిరివలెఁ గట్టి, రాత్రియెల్ల ఉష్ణమాపకముతోఁ బరీక్షించి, రుమాలు క్రింది గడ్డి బయలి గడ్డికంటె స్పష్టముగ వెచ్చగ నుండుట కనుఁగొనెను. 1814లో ప్రకటితమైన ఆయన మంచుబిందువుల గ్రంథము ఈ శాస్త్రమునకు పునాదిరాయి. రుమాలు వేడిని పుట్టించలేదు. గడ్డికిని ఆకాశమునకును నడుమ అడ్డుగ నిలిచినది.

పై డెక్కు మీఁద తలకు తువ్వాలు చుట్టుకొను మన రైతు వెల్స్ ప్రయోగమునే చేయుచున్నాఁడు. తలనుండియే దేహపు వేడిలో సగము పోవునను ప్రచారము మాత్రము నమ్మఁదగినది కాదు. తల దేహవిస్తీర్ణమున ఇంచుమించు పదవవంతు, దానినుండి పోవు వేడియు ఆ నిష్పత్తికి దగ్గఱగనే యుండును. అయినను ముఖము, చెవులు, మెడ చలిని మిక్కిలి వేగముగ గ్రహించు భాగములగుటచేత, వానిని కప్పినచో దేహమంతయు హాయిపడినట్లు తోఁచును. కోనసీమలో దిండి కడ వసిష్ఠపాయలో ఇంటిపడవలు కలవు. అచ్చట రాత్రి గడపినవారు, పాపికొండలతోఁ బోల్చి, చలి యేమియు లేదని చెప్పుదురు. సముద్రము దగ్గఱగ నుండుటయు, గాలిలో తేమ యెక్కువ యగుటయు అందుకు కారణములే. ఒడ్డుచేరి పడవ నిలిపినపుడు పైన వాలిన కొబ్బరిమట్టలు వెల్స్ రుమాలు పనిని చేయుటయు నొక కారణము.

ఇఁక తడి. పట్టిసీమలో వీరభద్రుని దర్శించుకొనుటకు ముందు మునుఁగువారు, పేరంటాలపల్లి మెట్లెక్కి చెమర్చువారు, లాంచీలో పాటలు పెట్టిన తోడనే గంతులు వేసి అలసి కూర్చుండు కుఱ్ఱవాండ్రు, ఈ మువ్వురును సాయంకాలమునకు ఒకే స్థితికి వత్తురు: ఒంటిమీఁద తడిబట్ట, ఎదుట గాలి. బట్టలోనున్న అర లీటరు నీరు ఆవిరి యగుటకు సుమారు 1200 కిలోజూళ్ల వేడి కావలెను. మనిషి దేహము మూఁడు గంటలకు పైగా పుట్టించు వేడి యంతయు నంతకు సమానము. అందు కొంత గాలినుండి వచ్చినను, మిగిలినది దేహమే చెల్లింపవలెను. కావున చలిని తప్పించుకొనుటకు ఒక్క వస్తువునే సంచిలో నుంచుకొనుఁడని నన్నడిగినచో, ఉన్నిబట్టకంటె ముందు ఒక పొడి చొక్కాను చెప్పుదును. మూఁడున్నర గంటలకు, ఇంకను ఎండయుండఁగనే, తడిచొక్కా విప్పి పొడిది తొడుగుకొన్నవాఁడు పిదప స్వెట్టరును తలఁపఁడు.

బట్టలలో దేని స్వభావము దానిది. సాధారణమైన గాలిలో నూలు తన బరువులో నూటికి ఎనిమిది వంతుల చెమ్మను పీల్చుకొనియుండును. ఉన్ని పదునాఱు వంతుల వఱకు. పాలియెస్టర్ అరవంతును పీల్చుకొనదు. ఉన్ని గొప్ప యేమనఁగా, తన బరువులో మూఁడవవంతు ఆవిరిని లోగొన్నను చేతికి తడి తెలియనీయదు, పైగా ఆవిరిని పీల్చుకొనునపుడు కొంత వేడిని విడుచును. నూలు పగటి యెండకు మహోపకారి. ముతక ఖద్దరు మఱియు మంచిది. కాని తడిసినపుడు పోగుల నడుమ గాలిని వెడలగొట్టి చర్మమున కంటుకొని శత్రువగును. పాలియెస్టర్ తడిని దాఁచుకొనదు గనుక వేగమే ఆరును. మధ్యాహ్నపు ఉక్కలో దాని నెవ్వఁడు భరించును? వదులు అల్లికగల ఉన్ని స్వెట్టరు నిశ్చలమైన గాలిలో వెచ్చన గాని, లాంచీ గాలి దాని సందులలో దూఱి లోపలి వెచ్చని గాలిని తరిమివేయును. దానిపై చిక్కని నేతగల పలుచని పంచె యొకటి కప్పుకొన్నచో రెండును కలసి మందమైన రగ్గు చేయలేని పని చేయును. లోపల గాలిని పట్టునది, పైన గాలిని ఆపునది: వరుస తాఱుమాఱు కారాదు.

వస్త్రముల వెచ్చదనమును కొలుచుటకు 1941లో గాగ్, బర్టన్, బాజెట్ అనువారు క్లో అను ప్రమాణమును ఏర్పఱచిరి. 21 డిగ్రీల గాలిలో, ఇంచుమించు గాలి కదలని గదిలో, కూర్చున్న మనిషిని హాయిగ నుంచు దుస్తు ఒక క్లో. ఆనాఁటి దొర కోటు, ప్యాంటు వేసికొని కూర్చున్నట్లన్నమాట. ఈ కొలఁత పుస్తకములలో చొక్కాలు, ప్యాంట్లు, గౌనులు విస్తారముగఁ గలవు గాని, చిరకాలము చీరకు తగిన చోటు దక్కలేదు. హైదరాబాదు గృహములలో ఉష్ణసౌఖ్యమును పరిశోధించిన మాధవి ఇంద్రగంటి, బర్కిలీలోని సహశాస్త్రజ్ఞులతోఁ గలసి, చీర కట్టిన యంత్రపు బొమ్మను వేడిచేసి కొలిచి, 2015లో ఫలితములను ప్రచురించిరి. అదే చీర, అదే రవిక. పైట వేసిన తీరు మార్చినంతనే వెచ్చదనము మాఱుచున్నదని అందు తేలినది. పైటను భుజముమీఁద వదలుట, రెండవ భుజము చుట్టూ త్రిప్పుకొనుట, తలమీఁదుగ కప్పి చెంగును బిగించుట, ఇవి మూఁడును మూఁడు వేర్వేరు దుస్తులవంటివి. స్వెట్టరుకు ఈ గుణము లేదు: అది ఉన్నది, లేక లేదు, పైగా నడుమ తీయవలెనన్నచో కిక్కిరిసిన బల్లమీఁద ప్రక్కవాని కంటిలో మోచేయి పెట్టవలసివచ్చును.

మగవారి కండువాకును ఇదే ప్రశంస చెల్లును. పూర్వపు పడవ ప్రయాణికులే అందుకు సాక్షులు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట డెల్టా కాలువలు పొలములకు నీటిని, మనుష్యులకు పడవదారిని గూడ ఇచ్చినవి. రైళ్లు, బస్సులు వచ్చి ఆ దారిని మఱపించునంతవఱకు, గట్టుమీఁద మనుష్యులు త్రాడు పట్టి లాగుచుండఁగ రాత్రులెల్ల పడవలు సాఁగుచుండెడివి. పాలగుమ్మి పద్మరాజు 'పడవ ప్రయాణం' కథ చదివినవారికి ఆ రాత్రి వాతావరణము పరిచితమే. ఆ ప్రయాణికుని మూటలో చలికని వేఱు దుస్తులు ఉండెడివి కావు. భుజముమీఁది పైపంచె పగలు తలపాగ, మధ్యాహ్నము తలగడ, స్నానమునకు తువ్వాలు, సాయంకాలము మెడకు చుట్టు, రాత్రి కప్పు. మఱీ చలియైనచో ఒక గొంగళి. నేఁటి ప్రయాణికుఁడు జేబులున్న చలికోటుకై వేలు వెచ్చించునపుడు ఆ బట్ట చేయలేని పని యేదో అది చేయుచున్నదా యని ఒకసారి అడుగుకొనవచ్చును. నదిమీఁద పగటికిని సాయంకాలమునకును ఉన్న వ్యత్యాసమే చిక్కు గనుక, పొరలు పొరలుగ కట్టఁదగినదియు విప్పఁదగినదియు మేలు. మందమైన దొక్కటి మేలు కాదు.

సముద్రపు ఓడల లెక్క వేఱు. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థవారి ఎంప్రెస్ నౌక విశాఖపట్టణమునుండి యాత్రికులను పుదుచ్చేరి, చెన్నపట్టణముల వైపు కొనిపోయినది మొదలు, మన జిల్లాలవారికిని ఈ విలాసయాత్ర పరిచితమైనది. జూన్ బంగాళాఖాతము పైనీరు 28, 29 డిగ్రీలు. దానిపై గాలి రాత్రింబగళ్లు అంతకు సమీపముననే యుండును. గంటకు 33 కిలోమీటర్ల వేగముతో పోవు ఓడ పై అంతస్తున నిలిచినవానికి స్టెడ్‌మన్ లెక్కలో 27 డిగ్రీలకు పైనే తోఁచును. అక్కడ చలి బయట లేదు, లోపల ఉన్నది: భోజనశాలలలో, నాటకశాలలలో ఏసీ యంత్రములు పెట్టు చలికి శాలువా కావలెను. ఉప్పుతుంపర తగిలిన బట్ట గాలిలో చెమ్మను పీల్చుకొని త్వరగ ఆరదు గనుక, మార్చుకొనుటకు మఱొకటి కావలెను. అంతకు మించి చెప్పవలసినది లేదు.

పాపికొండల లాంచీకి తిరిగి వచ్చినచో, ఇంతవఱకు ఎన్నని దుస్తు ఒకటి మిగిలియున్నది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు కడ లాంచీ మునిఁగి పెక్కు ప్రాణములు పోయినవి. అందఱును ఎక్కినది మొదలు దిగునంతవఱకు లైఫ్ జాకెట్టు తొడుగుకొని యుండవలెను. మధ్యాహ్నము ఉక్క పోయుచున్నదని విప్పి బల్లక్రిందఁ బెట్టువారు పెక్కుమంది, నేను వారితో ఏకీభవించను. వలువల దృష్టితోఁ జూచినచో అది గాలి చొరని నురుగుపలకలతోఁ గట్టిన మందపాటి రవిక. నీటిపై తేల్చు ఆ బంధితవాయువే గాలిలో ఛాతిని, వీఁపును వెచ్చగ నుంచును. అది ఒంటిపై నున్నవానికి మొండెమునకు స్వెట్టరుతో పని లేదు. కావలసినది చేతులకు నిండుచేతుల పొడి చొక్కా, తలకును మెడకును తువ్వాలు, పాదములకు బూట్లు గాకున్నను మేజోళ్లు. శాలువా కప్పుకొనఁదలఁచినవారు దానిని జాకెట్టు క్రిందనే చుట్టి, కొసలను లోపలికి దోపి, పట్టీలు పైన బిగింపవలెను. జాకెట్టుమీఁదుగ కప్పిన శాలువాయు, పైన కట్టిన చెంగును పట్టీలకు చిక్కుకొనును. చీఁకటిలో పట్టీ వెదకుకొనవలసి వచ్చినపుడు ఆ చిక్కు విప్పుకొనుటకు వ్యవధి యుండదు. పిల్లలకు వారి కొలఁత జాకెట్టునే యడిగి తీసికొని, చలికి వేసిన లోపలి దుస్తులతో సహా ఒడ్డుననే తొడిగి పట్టీలు సరిచూచుకొనవలెను. పగటి పలుచని చొక్కామీఁద సరిపోయినది, సాయంకాలమున ఉన్నిచొక్కా మీఁద పట్టదు.